హాల్లో గడ్డి మొలిచిందా? కంగారు పడకండి

ఇల్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో గోడలు లేపారు, తలుపులు పెట్టారు, సోఫా వేశారు. ఆఖరున ముచ్చటపడి ఇంటి చుట్టూ నేల కూడా గీశారు. త్రీడీలోకి వెళ్లి చూస్తే హాలు నడిమధ్యన పచ్చగడ్డి. సోఫా సగం దాకా గడ్డిలో మునిగి ఉంది. వంటింట్లో గ్యాస్ బండ చుట్టూ కూడా గడ్డే. అవతల ఇంటి వెనక మూలేమో గాలిలో వేలాడుతోంది. దాని కింద నుంచి ఆకాశం కనిపిస్తోంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఎందుకిలా అయిందని ఆలోచించడం. ఆ ఆలోచన ఫ్లోరు ఎత్తు దగ్గర ఆగదు. ప్లాటు లెవెల్, రోడ్డు లెవెల్, మురిక్కాలువ లెవెల్ దాకా లాక్కుపోతుంది. చివరికి టేపు పట్టుకుని సైటుకి పోవాల్సి వస్తుంది. మే నెల ఎండలో ఆ పని ఎవరు చేస్తారు? కుర్చీలోంచి లేవకుండానే బొమ్మను బాగుచేసే మార్గాలు బోలెడున్నాయి. క్లయింటు చూసేది బొమ్మ, మెచ్చుకునేది బొమ్మ, వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపేది కూడా ఆ బొమ్మే. నేల సంగతి మేస్త్రీ చూసుకుంటాడు. ఈ ఒక్క సూత్రం గట్టిగా పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

గడ్డిని మాయం చేసే పద్ధతులు

సాఫ్ట్‌వేర్ దృష్టిలో నేలంటే మందంలేని ఒక పొర, మంచం మీద పరిచిన దుప్పటి లాంటిది. మీరిచ్చిన ఎత్తులను బట్టి అది పైకి లేస్తూ కిందికి దిగుతూ పరుచుకుంటుంది. ఇంటి ఫ్లోరు దానికి పైన ఉన్నంతసేపూ గొడవ లేదు. ఫ్లోరు కిందికి పోయిందా, నేల పొర తిన్నగా హాల్లోంచే పోతుంది. చీఫ్ ఆర్కిటెక్ట్ అనే కంపెనీ వారి ప్రోగ్రాముల్లో నేలకంటే ఫ్లోరు ఎంత ఎత్తులో ఉండాలో రాసే గడి ఉంటుంది. ఇంటి కింద భాగాన్ని చదును చేసే ‘ఫ్లాటెన్ ప్యాడ్’ అనే ఏర్పాటూ ఉంటుంది. చాదస్తం ఉన్నవాళ్లు ముందు ఆ గడి తెరిచి, సైటులో కొలిచిన అంకె వేసి, ‘బిల్డ్ టెరైన్’ నొక్కి, గడ్డి తగ్గిందో లేదో చూస్తారు. మీకెందుకా శ్రమ?

ఆ పక్కనే ‘హైడ్ టెరైన్ ఇంటర్‌సెక్టెడ్ బై బిల్డింగ్’ అని ఒక టిక్కు ఉంటుంది. పేరు చూశారుగా, హైడ్! దాచేయమనే దాని అర్థం. సెల్లార్ ఉన్న ఇళ్లలో భూమి లోపలి గదుల్లోకి మట్టి చొరబడినట్టు కనిపించకుండా ఉండటానికి దాన్ని పెట్టారట. మీకు సెల్లార్ లేకపోయినా ఫరవాలేదు, వాడేయండి. టిక్కు పడగానే గడ్డి మాయం. గడ్డి కింద మట్టి మాత్రం సైటులో ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని తవ్వాలంటే జేసీబీ రావాలి. జేసీబీకి గంటల లెక్కన డబ్బులివ్వాలి, టిక్కుకు పైసా అక్కర్లేదు. ఇంతకంటే చవకైన తవ్వకం ఇంకెక్కడుంది?

టిక్కు గదులు ఉన్నంతమేరకే పనిచేస్తుంది. సెల్లార్‌లోకి బయటనుంచి దిగే ర్యాంపు మీద, మెట్ల మీద గడ్డి అలాగే నిలుస్తుంది. అక్కడ ‘టెరైన్ హోల్’ పనిముట్టు వాడి, ర్యాంపు అంచుల వెంబడి సరిగ్గా కొలతకు రంధ్రం చేయాలని పద్ధతిగా పనిచేసేవాళ్లు చెబుతారు. అంత కొలిచి చేయడానికి ఓపిక కావాలి. ఇంటి చుట్టూ నాలుగు పక్కలా అయిదేసి అడుగులు వదిలేసి ఒకే పెద్ద రంధ్రం చేసేయండి. గడ్డి సమస్య శాశ్వతంగా పోతుంది. ఇంటి చుట్టూ అడుగు కనిపించని లోయ ఏర్పడుతుంది. ఎవరైనా అడిగితే అగడ్త అని చెప్పండి. గోల్కొండ కోటకు ఉంది, మనకుంటే తప్పేమిటి?

రంధ్రం చేయడం కూడా రాకపోతే ఇంకో ఉపాయం ఉంది, నాకు బాగా నచ్చినది. నేల పొరకు గడ్డి రంగు తీసేసి హాల్లో వేసిన విట్రిఫైడ్ టైల్సే అతికించండి. ఇక ఏది ఫ్లోరో ఏది నేలో బ్రహ్మకు కూడా తెలియదు. ఆవరణంతా, గేటు బయట రోడ్డు కూడా అవే టైల్స్ అవుతాయి. ఇల్లు పెద్దదిగా కనిపించి క్లయింటు సంతోషిస్తాడు.

ఇంత చేసినా ఒక్కోసారి క్లయింటుగారి మావగారు కళ్లజోడు సర్దుకుని, “ఏంటి బాబూ, ఆ మూల పచ్చగా ఉంది?” అంటారు. తడబడకండి. “ఇండోర్ లాన్ అంకుల్, బెంగళూరులో ఇప్పుడంతా ఇదే” అనండి. ఆయనకు బెంగళూరులో కొడుకో కూతురో ఉండే ఉంటారు కాబట్టి ఇక మాట్లాడరు.

గాలిలో వేలాడే మూల

ఏటవాలు ప్లాటులో ఒక పక్క కిటికీ దాకా మట్టిలో కూరుకుపోయి, రెండో పక్క గాలిలో తేలుతున్నట్టు ఇల్లు కనిపిస్తుంది. విశాఖ కొండవాలుల్లోనూ హైదరాబాద్ జూబ్లీహిల్స్ బండల మధ్యా గీసే ఇళ్లకు ఇది మామూలే. మొక్కల లైబ్రరీ తెరవండి. గాలి కనిపించిన చోటల్లా క్రోటన్లు పెట్టండి. సందు మరీ పెద్దదైతే నరమామిడి చెట్లు వరసగా నాటండి. సాఫ్ట్‌వేర్‌లో చెట్టు గాలిలో కూడా పెరుగుతుంది. కెమెరాను ఎప్పుడూ ఎత్తు పక్కనుంచే పెట్టండి. పల్లం పక్క చూపించక తప్పకపోతే రాత్రి దృశ్యం రెండర్ చేసి, కిటికీల్లో పసుపు దీపాలు వెలిగించండి. చీకట్లో పునాది ఎవరు వెతుకుతారు?

ఆ గాలిని మాత్రం ఎప్పుడూ లెక్కగట్టకండి. లెక్కగడితే ఏమవుతుందో చూడండి. 50 అడుగుల లోతు ప్లాటు, రోడ్డు నుంచి వెనక గోడకు 6 అడుగుల పల్లం అనుకుందాం. ముందూ వెనకా 5 అడుగులు వదిలి 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఇల్లు వేశారు. ఫ్లోరు రోడ్డుకంటే అడుగున్నర పైకి పెట్టారు. రోడ్డు వైపు గోడ దగ్గర ఫ్లోరు కింద ఖాళీ సుమారు 2 అడుగులు, వెనక గోడ దగ్గర దాదాపు 7 అడుగులు. సగటున నాలుగున్నర అడుగులు. 1,200 చదరపు అడుగుల ఇంటి కింద 5,400 ఘనపుటడుగులు నింపాలి. మొరం అమ్మేవాళ్ల భాషలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కాబట్టి, 54 యూనిట్లు. నింపినదాన్ని పొరలు పొరలుగా నీళ్లు పోసి దిమ్మిస కొట్టాలి, లేకపోతే తర్వాత ఫ్లోరు కుంగుతుంది. ఆ మట్టి బరువుకు వెనక గోడ బయటికి తోసుకుపోకుండా రిటైనింగ్ వాల్ కట్టాలి, ఆ గోడలో నీళ్లు పోవడానికి రంధ్రాలు వదలాలి. కొందరు అంత మట్టి పోసే బదులు అక్కడ అరఫ్లోరు దించి పార్కింగో స్టోరో కట్టుకుంటారు, ఇంటిని మెట్లు మెట్లుగా విడగొట్టి వాలుకు సర్దుతారు. ఇవన్నీ ఖర్చుల మాటలు. ఇవన్నీ క్లయింటుతో ముందే చెబితే ఆయన బెంబేలెత్తి బడ్జెట్ గురించి అడుగుతాడు. క్రోటన్లతో ఆ బాధ లేదు.

సర్వే ఎందుకు దండగ

నేల ఎత్తులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. పాతకాలపు మేస్త్రీలు సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, రెండు చివరలూ రెండు మూలల్లో పట్టుకుని లెవెల్ చూస్తారు. నీళ్లు అబద్ధం ఆడవని వాళ్ల నమ్మకం. సర్వేయర్లయితే ఆటో లెవెల్, టోటల్ స్టేషన్ తెస్తారు. ఫీజు తీసుకుంటారు. మనకివేవీ వద్దు. మ్యాప్ మీద చోటు గుర్తిస్తే నేలను నేరుగా మోడల్‌లోకి దింపే సౌకర్యం స్కెచ్‌అప్ లాంటివాటిలో ఉంది. దాన్ని కళ్లు మూసుకుని నమ్మండి.

ఆకాశం నుంచి కొలిచిన ఎత్తుల్లో బాగా పేరున్నవి 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో తీసినవి. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్ల చదరం, అంటే 900 చదరపు మీటర్లు, వెయ్యి గజాలకు పైమాటే. మీ క్లయింటు ప్లాటు 200 గజాలు. ఆయనా, ఇరుగూ పొరుగూ, వెనక వీధివాళ్లూ కలిపి అయిదుగురికీ ఒకే ఎత్తు వస్తుంది. ఇంతటి సమానత్వం ఏ ప్రభుత్వం ఇచ్చింది? పైగా రాడార్ చాలాచోట్ల నేలకు బదులు చెట్ల తలలూ మేడల కప్పులూ చూస్తుంది. పక్కన ఉన్న చింతచెట్టు మీ ప్లాటులో గుట్టగా మారవచ్చు. ఆ 2000వ సంవత్సరం తర్వాత ఎన్ని బండలు పేల్చారో, ఎన్ని కుంటలు పూడ్చారో ఆ డేటాకు తెలియదు. దాన్ని గుర్తుచేయాల్సిన పని కూడా మీకు లేదు.

ఒకవేళ సర్వే షీటు చేతికొచ్చిందే అనుకోండి. దాని అంకెలు యథాతథంగా ఎక్కించండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల చిల్లర ఎత్తులో ఉంది కాబట్టి ఎలివేషన్ పాయింట్లన్నీ 540, 541 అని ఉంటాయి. ఇంటి ఫ్లోరేమో సున్నా దగ్గర ఉంటుంది. దాంతో ఇల్లు అర కిలోమీటరు లోతున భూగర్భంలోకి పోయి, పైన ఖాళీ మైదానం మిగులుతుంది. రోడ్డు మీద కదలని ఒక రాయినో కల్వర్టు గట్టునో సున్నా అనుకుని, అన్ని అంకెల్లోంచీ దాని ఎత్తు తీసేస్తే ఇల్లు తిరిగి పైకి వస్తుందని తెలిసినవాళ్లు అంటారు. సర్వే మీటర్లలోనూ ప్లాను అడుగుల్లోనూ ఉంటే మార్చమని కూడా వాళ్లే అంటారు. మార్చకండి. 2 మీటర్ల పల్లాన్ని 2 అడుగులని రాస్తే వాలు మూడో వంతుకు తగ్గుతుంది, ఇల్లు ఎంతో అందంగా నేల మీద కూర్చుంటుంది.

సర్వే పటం ఏ అంకెనూ వదలకుండా తెచ్చి అతికిస్తే ఇంకో వినోదం కూడా చూడవచ్చు. సర్వేయర్లు వాడే యూటీఎం లెక్కలో హైదరాబాద్ ఉత్తరపు అంకె 19 లక్షల మీటర్లు దాటి ఉంటుంది. అంటే మీ మోడల్ కేంద్రబిందువుకు అంత దూరంలో ఉంటుందన్నమాట. 32 బిట్ల లెక్కలో అంత పెద్ద అంకెల దగ్గర ఒక విలువకూ దాని పక్క విలువకూ మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు, అంటే దాదాపు 5 అంగుళాలు. మీ బాత్రూమ్ గోడ మందమే నాలుగున్నర అంగుళాలు. అందుకే గోడలు వణుకుతాయి, నేల ఇంట్లోకొచ్చి పోతుంది. పటం మొత్తాన్ని కేంద్రం దగ్గరికి జరిపితే వణుకు పోతుంది. కానీ కంప్యూటర్ పాతదైపోయిందని ఇంట్లో చెప్పి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

పార్కింగ్ టైల్స్, నేల ఒకే ఎత్తులో ఉండి మిలమిలా మెరుస్తుంటే టైల్స్‌ను అంగుళం పైకి లేపితే సరిపోతుంది. లేపకండి. “వాన పడ్డట్టు ఎఫెక్ట్ వేశాను సార్” అంటే అదనంగా ఫీజు కూడా అడగవచ్చు.

ఈశాన్యం

వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలి. నేలను సరిగ్గా గీస్తే ఒక్కోసారి తిరగబడి కనిపిస్తుంది. సిద్ధాంతిగారు ఆ బొమ్మ చూశారంటే ఇల్లు కట్టడమే మానేస్తారు. ఇక్కడ కాంటూర్లతో కుస్తీ పట్టక్కర్లేదు. ప్లాను మీద ఉత్తరం బాణాన్ని తిప్పేయండి. బాణం తిప్పడానికి ఏ శాఖ అనుమతీ అవసరం లేదు. నీడలు తప్పు దిక్కున పడితే సూర్యుణ్ణి కూడా తిప్పవచ్చు, సాఫ్ట్‌వేర్‌లో దానికి వేరే మెనూ ఉంది. సైటులో మాత్రం నీళ్లు పాత పల్లానికే పోతాయి. వాటికి ప్లాను చదవడం రాదు.

రోడ్డును తీసేయండి

బొమ్మను అన్నిటికంటే పాడుచేసేది రోడ్డు. దాన్ని గీస్తే ర్యాంపు గీయాలి. ఫ్లోరు 3 అడుగుల ఎత్తు, ముందు ఖాళీ 5 అడుగులు అయితే కారు ఎలా ఎక్కుతుందో సాఫ్ట్‌వేర్ ముక్కుసూటిగా చూపిస్తుంది. అంటే ఎక్కదని చూపిస్తుంది. రోడ్డు లేకపోతే ర్యాంపు ప్రశ్నే రాదు. కట్టేటప్పుడు ర్యాంపును గేటు దాటించి మునిసిపాలిటీ రోడ్డు మీదికి నాలుగడుగులు లాగేస్తారు, కాలనీలో అందరూ లాగినట్టే. డ్రెయిన్ దాని కింద పడి ఉంటుంది.

రోడ్డు గీసేవాళ్లకు ఇంకో అనవసరపు బెంగ పట్టుకుంటుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి అడుగు మట్టం (ప్లింత్) చుట్టూ ఉన్న నేలకంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అడుగున్నర ఎత్తు ఉండాలి. మన కాలనీల్లో పాత రోడ్డును గీకకుండానే దాని మీద కొత్త పొర వేస్తారు. అలా రెండుసార్లు వేస్తే మీ అడుగున్నరలో సగం రోడ్డు మింగేస్తుంది. భయస్తులు రోడ్డును ఇంకో అడుగు పైకి ఊహించుకుని, మోడల్‌లో రోడ్డు పొరను అంతమేరకు లేపి, నీళ్లు ఎటు పోతాయో చూసుకుంటారు. అలా చూస్తే రాత్రి నిద్ర పట్టదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో ఎన్ని కాలనీల సెల్లార్లు నిండాయో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఎలా మునిగిందో గుర్తొస్తుంది. రెండర్‌లో ఎప్పుడూ ఆకాశం నీలంగానే పెట్టండి.

ఇంటి గోడ నుంచి నేల బయటికి వాలుగా ఉండాలన్నది కూడా ఇలాంటి పట్టింపే. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు పుట్టిన అమెరికాలో, ఇళ్ల కోడు గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలంటుంది. మనకు పక్క ఖాళీ మహా అయితే 5 అడుగులు కాబట్టి ఆ నియమం మనకు వర్తించదని తీర్మానించుకోండి. పక్క సందులో సిమెంటు గచ్చు వాలు, చివర ఓ కాలువ, వాననీటి ఇంకుడు గుంత, ఇవేవీ మోడల్‌లో పెట్టకండి. నేలను గోడ వైపే వాల్చండి. ముందు లాన్ కెమెరాకు చక్కగా ఎదురొచ్చి కనిపిస్తుంది.

సెక్షన్ బొమ్మ గురించి

ఇన్ని చేసినా మిమ్మల్ని పట్టించేది ఒకటుంది. ఇంటిని నిలువుగా కోసి చూపించే సెక్షన్. దాచిన గడ్డి, గాలిలో మూల, గోడ వైపు వాలిన లాన్, అన్నీ అందులో ఒకే గీతగా బయటపడతాయి. ఫ్లోరు గీత ఎక్కడుంది, నేల గీత ఎక్కడుంది అని చిన్నపిల్లాడు కూడా అడగగలడు. రోడ్డు మధ్యనుంచి వెనక గోడ దాకా ఒక సెక్షన్, అడ్డంగా ఇంకొకటి, అనుభవం ఉన్న ఇంజనీర్లు ముందుగా చూసేవి అవే. ఎలివేషన్ ఫొటో తర్వాత చూస్తారు. కాబట్టి క్లయింటుకిచ్చే ఫైల్లో సెక్షన్లు ఉంచకండి. మున్సిపల్ అప్రూవల్‌కు ఎలాగూ పెట్టాలి కదా అంటే, అక్కడ నేలను స్కేలు పెట్టి గీసినట్టు చదునుగా ఒక గీత లాగేయండి. చాలా ప్లాన్లలో అలాగే ఉంటుంది.

మేస్త్రీ ఫోన్ చేసి, “సార్, మీ బొమ్మలో చదునుగా ఉంది, ఇక్కడ చూస్తే వెనకాల ఆరడుగులు దిగిపోయింది, ఏం చేయమంటారు?” అని అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు. “సైటుకు తగ్గట్టు అడ్జస్ట్ చేసెయ్ అన్నా” అనండి. ఆ మాటకు అర్థం 54 యూనిట్ల మొరం అని అతనికి తెలుసు. క్లయింటుకు బిల్లు వచ్చాక తెలుస్తుంది.

ఆఖరుగా ఒక్క సంగతి, ఇదైనా శ్రద్ధగా పాటించండి. మీ ఫీజు మొత్తం ఫొటో ఇచ్చిన రోజే తీసుకోండి. జూన్‌లో తొలకరి పడ్డాక ఎవరూ ఇవ్వరు.